ఒక వాగన్, ఒక నంబరు, ఒక నెల: 1948 నాటి అమెరికన్ బాక్స్‌కార్‌ను నమూనాగా కట్టడం

నేను కట్టిన మొదటి అమెరికన్ బాక్స్‌కార్ (నాలుగు గోడలూ, కప్పూ ఉన్న గూడ్సు వాగన్) నమూనా ఇప్పటికీ అల్మారాలో ఉంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. దాని కింద పాతకాలపు కె రకం గాలి బ్రేకు. పక్కన వాగన్‌ను చివరిసారి తూచిన తేదీ 1919. ఆ పక్కనే 1954లో గానీ పుట్టని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అనే రైల్వే కంపెనీ వారి కొత్త కీస్టోన్ (కమాను నడిమి రాయి ఆకారపు) ముద్ర. ఈ మూడూ కలిసి ఉన్న వాగన్ ఏ పట్టాల మీదా, ఏ రోజూ నడిచి ఉండదు. కిట్ పెట్టెలో వచ్చిన భాగాలన్నీ నమ్మి అతికించడమే నేను చేసిన పొరపాటు.

అప్పటి నుంచి నాది ఒకటే నియమం. జిగురు సీసా మూత తీసేలోపు మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: ఏ వాగన్, ఏ నంబరు, ఏ సంవత్సరంలో ఏ నెల. మిగతా నిర్ణయాలన్నీ వీటి వెంటే వస్తాయి. ఇక్కడ ఉదాహరణగా పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వారి ఎక్స్26 తరగతి బాక్స్‌కార్‌ను, 1948 అక్టోబరులో ఉన్నట్టుగా, హెచ్‌ఓ స్కేలులో కడదాం. హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు. ఒక అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు.

ముందుగా ఈ వాగన్ కథ

మొదటి ప్రపంచ యుద్ధంలో సరుకు రవాణా గడ్డకట్టుకుపోవడంతో 1917 డిసెంబరు చివర అమెరికా ప్రభుత్వం రైల్వేలను తన చేతిలోకి తీసుకుంది. యునైటెడ్ స్టేట్స్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్, పొట్టిగా యుఎస్‌ఆర్‌ఏ, కొన్ని ప్రామాణిక నమూనాలు గీయించి దాదాపు లక్ష గూడ్సు వాగన్లకు ఆర్డరు ఇచ్చి వివిధ రైల్వేలకు పంచింది. 1920 మార్చి 1న రైల్వేలు మళ్లీ యజమానుల చేతికి వెళ్లాయి, వాగన్లు మాత్రం దశాబ్దాల పాటు తిరిగాయి. వాటిలో ఒకటి 50 టన్నుల ఒంటి పలక బాక్స్‌కార్. లోపల ఒకే వరుస చెక్క పలకలు, వాటిని పట్టి ఉంచే ఉక్కు కమ్ములు బయటికే కనిపిస్తూ ఉంటాయి. పెన్సిల్వేనియాకు ఇలాంటివి 9,900 వచ్చాయి. వాటికే ఆ రైల్వే ఎక్స్26 అని పేరు పెట్టుకుంది.

నేర్చుకునేవారికి ఇది మంచి వాగన్. ముప్ఫై ఏళ్లలో దాని మీద మార్పులు పొరలు పొరలుగా పడ్డాయి. కొన్నిటికి చెక్క గోడలు తీసేసి ఉక్కు రేకు బిగించి ఎక్స్26సి అన్నారు. అందుకే ‘ఎక్స్26 ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఫలానా నంబరు ఎక్స్26 ఫలానా నెలలో ఎలా ఉంది’ అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

వెతుకులాట: చిట్టా, ఫోటో, గీత

మొదట చిట్టా. ‘అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్’ అని ఒక లావుపాటి ప్రచురణ ఏడాదికి నాలుగు సార్లు వచ్చేది. ఏ రైల్వేకు ఏ నంబర్ల వరుసలో ఏ రకం వాగన్లు ఎన్ని ఉన్నాయో, వాటి లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు వెడల్పు ఎంతో అందులో వరుసగా ఉంటాయి. సరుకు పంపేవారికి, గుమాస్తాలకు పనికొచ్చేందుకు వేసిన పుస్తకమది. ఇప్పుడు నమూనాలు కట్టేవారికి అదే పంచాంగం. 1943, 1953 జనవరి సంచికలు పునర్ముద్రణలుగా దొరుకుతాయి. 1948కి ముందొకటి, వెనకొకటి అన్నమాట.

ఒక్క సంచిక చూసి ఊరుకోకండి. ఒకే నంబర్ల వరుస రెండు సంచికల్లో ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూడండి. 1943లో ఉన్న సంఖ్య 1953 నాటికి బాగా తగ్గిందంటే ఆ వాగన్లు తుక్కుకైనా వెళ్లి ఉండాలి, ఉక్కు గోడలతో కొత్త వరుసలోకైనా మారి ఉండాలి. కొలతల గడిలో లోపలి ఎత్తు మారితే పునర్నిర్మాణం జరిగిందనడానికి అది గట్టి ఆధారం. గడుల కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణలు చదవడం విసుగు పని, కానీ సగం సమాచారం అక్కడే దాగి ఉంటుంది.

తరువాత ఫోటో. అసలైన తీర్పు దీనిదే. కర్మాగారం గేటు దాటేటప్పుడు తీసిన ఫోటోలు స్పష్టంగా, నిండుగా ఉంటాయి. కానీ పెళ్లినాటి ఫోటో చూసి ఆ మనిషి ముప్ఫై ఏళ్ల తరువాత ఎలా ఉన్నాడో చెప్పలేం కదా. మనకు కావలసింది యార్డులో, మసిలో, పనిలో ఉన్న వాగన్ బొమ్మ. జాక్ డెలానో 1942, 43లలో ప్రభుత్వం తరఫున షికాగో యార్డుల్లో తీసిన ఫోటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో పెద్ద సైజు ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. ప్రొవీసో యార్డులో తీసిన రంగుల చిత్రాలూ వాటిలో ఉన్నాయి. వంతెన మీది నుంచి తీసినవి మరీ అపురూపం, ఎందుకంటే వాగన్ కప్పును ఎవరూ పనిగట్టుకుని ఫోటో తీయరు. సెయింట్ లూయీలోని బారిగర్ రైల్వే గ్రంథాలయం వారి సేకరణ మరో గని.

ఫోటోలో మీ వాగన్ ముందువరుసలో ఉండాలని పట్టుబట్టకండి. ఇంజిన్ కోసం తీసిన ఫోటోలో వెనక మూలన సగం కనిపించే బాక్స్‌కారే ఒక్కోసారి కావలసిన తలుపును చూపిస్తుంది. ఫైలును నూటికి నూరు శాతం సైజులో తెరిచి, మూల నుంచి మూలకు నెమ్మదిగా జరుపుతూ చూడాలి. నాకు ఇది అల్లం టీతో ఆదివారం ఉదయం చేసే పని.

మూడోది గీత. పాత కార్ బిల్డర్స్ సైక్లోపీడియాల్లో కొలతలతో కూడిన డ్రాయింగులు ఉంటాయి. 1920ల నాటి సంపుటాలు హాథీట్రస్ట్ డిజిటల్ గ్రంథాలయంలో ఉన్నాయి, కానీ అమెరికా బయటి నుంచి కొన్ని తెరుచుకోవు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కాగితాలు డెలవేర్‌లోని హ్యాగ్లీ మ్యూజియంలో పెద్ద మొత్తంలో భద్రంగా ఉన్నాయి. డ్రాయింగుకూ ఫోటోకూ తేడా వస్తే ఫోటోనే నమ్మండి. డ్రాయింగు చెప్పేది అనుకున్న పని, ఫోటో చూపేది జరిగిన పని.

ఫోటో నుంచి కొలత తీయడం కష్టమేమీ కాదు. అమెరికన్ గూడ్సు వాగన్ చక్రం వ్యాసం సాధారణంగా 33 అంగుళాలు. మన వాగన్ తలుపు వెడల్పు ఆరు అడుగులు. ఈ రెండూ తెలిస్తే వాగన్‌ను నేరుగా పక్క నుంచి తీసిన ఫోటోలో నిచ్చెన మెట్ల దూరం, పలక వెడల్పు లెక్కకట్టవచ్చు. ఓరగా తీసిన ఫోటోలో ఈ లెక్క దగ్గరి వైపుకు ఒకలా, దూరపు వైపుకు ఒకలా వస్తుంది. అలాంటి చోట ఒకే నిలువు గీత మీద ఉన్న వాటినే పోల్చుకోండి.

తేదీలు చెప్పే గుర్తులు

ఇక్కడ కాస్త నిదానించాలి. ఒక రైల్వే వాగన్ మరో రైల్వే పట్టాల మీదికి వెళ్లాలంటే ఉమ్మడి నిబంధనలకు లోబడి ఉండాలి. ఆ నిబంధనలు మారిన తేదీలే మనకు గడియారం.

బ్రేకు సంగతి చూద్దాం. పాత కె రకంలో సిలిండరు, గాలి తొట్టి, కవాటం ఒకే ముద్దగా ఉండటం మామూలు. 1933 నుంచి కొత్త వాగన్లకు ఎబి బ్రేకు తప్పనిసరి అయింది. అందులో ఈ మూడూ విడివిడిగా చట్రం కింద పరుచుకుని ఉంటాయి. పాత వాగన్లు మారడానికి గడువులు పొడిగిస్తూ పోయి, చివరకు 1953లో కె బ్రేకు వాగన్లను ఇతర రైల్వేల మీదికి రానివ్వడం ఆపేశారు. కాబట్టి 1948లో రెండూ సాధ్యమే. ఏది పెట్టాలో ఫోటోలో గోడ కింది అంచు వద్ద కనిపించే ఆకారమే చెప్పాలి.

చక్రాల చట్రాన్ని అమెరికాలో ట్రక్కు అంటారు. మన రైల్వే వర్క్‌షాపుల్లో అదే బోగీ. ఊళ్లో మాత్రం బోగీ అంటే మొత్తం పెట్టె, అది వేరే తగువు. ఇనుప పట్టీలు వంచి బోల్టులతో బిగించిన ఆర్చ్‌బార్ ట్రక్కులు 1940ల మొదటికల్లా ఇతర రైల్వేల మీద నిషిద్ధమయ్యాయి. 1948 వాగన్‌కు అవి పెడితే తప్పే. యుఎస్‌ఆర్‌ఏ బాక్స్‌కార్లకు మొదటి నుంచీ ఆండ్రూస్ రకం పోత ఉక్కు ట్రక్కులు ఉండేవి.

కప్పు మీద బ్రేక్‌మన్ నడిచే చెక్క బాట మన వాగన్‌కు ఉండాలి. ఉక్కు జాలీ బాటలు కొత్త వాగన్లకు వచ్చాయి. అసలు బాటే లేకుండా వాగన్లు కట్టడం 1966 తరువాతి మాట. చేతి బ్రేకు కూడా చూడండి: కప్పు కంటే ఎత్తుగా నిలువు కడ్డీ చివర పళ్లెంలా ఉంటే పాతది, వాగన్ చివరి గోడకు ఆనుకుని నిలువుగా చక్రం ఉంటే కొత్తది.

ఇక అక్షరాలు. వాగన్ పక్కన రాసే అంకెల్లో ఒక చిన్న లెక్క దాగి ఉంది. మన గూడ్సు వాగన్ల మీద ఖాళీ బరువు, మరమ్మతు తేదీ రాసినట్టే అక్కడా రాస్తారు. ఖాళీ బరువు, గరిష్ఠ సరుకు పరిమితి, ఈ రెండూ కలిపితే పట్టాల మీద పడే మొత్తం బరువు. అది 50 టన్నుల వాగన్‌కు 1,69,000 పౌండ్లు, 40 టన్నుల దానికి 1,36,000. ఖాళీ బరువు 46,200 అని రాసి ఉంటే పరిమితి 1,22,800 ఉండాలి. డెకాల్ షీటు (వాగన్ మీద తడిపి అతికించే అచ్చు అక్షరాల కాగితం) మీది అంకెలు కలిపి చూడండి, తప్పుగా అచ్చయినవి దొరుకుతాయి. పరిమితి ముందు నక్షత్రం గుర్తు ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు. ఆ వాగన్‌కు ఏదో నిర్మాణ కారణంతో పరిమితి తగ్గించారని దానికి అర్థం.

వాగన్‌ను మళ్లీ మళ్లీ తూచేవారు. తూచినప్పుడల్లా పాత అంకెల మీద కొత్త రంగు పూసి, కొత్త బరువు, తూచిన షాపు సంకేతం, నెల, సంవత్సరం రాసేవారు. అందువల్ల 1948 అక్టోబరు వాగన్ మీద రెండు మూడేళ్లకు మించి పాతదైన తూకం తేదీ ఉంటే అనుమానించాలి. నా మొదటి వాగన్ మీది 1919 నవ్వులపాలైంది ఇందుకే. వాగన్ కట్టిన తేదీ మాత్రం విడిగా ఉంటుంది, అది మారదు.

కిట్, కోత, అతుకు

టిచీ సంస్థ హెచ్‌ఓలో యుఎస్‌ఆర్‌ఏ ఒంటి పలక బాక్స్‌కార్ ప్లాస్టిక్ కిట్ తయారుచేస్తోంది. పని అక్కడి నుంచి మొదలుపెట్టడం తేలిక. పెట్టె తెరవగానే కొలవండి. లోపలి కొలతలు 40 అడుగుల 6 అంగుళాలు, 8 అడుగుల 6 అంగుళాలు, 9 అడుగులు. మన స్కేలులో అవి సుమారు 141.8, 29.8, 31.5 మిల్లీమీటర్లు. గోడల మందం కలుపుకుని బయటి కొలత దగ్గరగా వస్తే చాలు. అరమిల్లీమీటరు కోసం ప్రాణం తీసుకోనవసరం లేదు. అడ్డకమ్ముల సంఖ్య, వాటి వాలు తప్పితే మాత్రం వాగన్ వేరేదైపోతుంది.

మా బావగారు డాలస్ నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో కిట్లు తెస్తారు. జిగురు తేలేరు. మండే ద్రావకాలను విమానం ఎక్కనివ్వరు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే బ్యుటనోన్ ఇక్కడి రసాయనాల దుకాణాల్లో దొరుకుతుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, కొద్దికొద్దిగా సన్న కుంచెతో వాడండి. పిల్లలు తిరిగే ఇంట్లో సీసా పై అరలో ఉండాలి.

భాగాలను గిన్నెలు కడిగే సబ్బునీటిలో కడిగి ఆరబెట్టాక, ముందు నేల చట్రం కట్టండి. చాలామంది దీన్ని చివరకు వదిలేస్తారు, ఎలాగూ కనిపించదు కదా అని. కానీ పట్టాలకు కంటి ఎత్తులో చూస్తే చక్రాల మధ్య నుంచి కడ్డీల నీడలు కనిపిస్తాయి. అవి లేని వాగన్ బొమ్మలా తేలిపోతుంది. బ్రేకు సిలిండరు నుంచి వచ్చే మీట, దాని నుంచి రెండు ట్రక్కుల వైపు వెళ్లే కడ్డీలు, చేతి బ్రేకు గొలుసు, రైలు పొడవునా సాగే గాలి గొట్టం, ఈ నాలుగూ ఉంటే చాలు. చేతి బ్రేకు ఉన్న చివరను ‘బి’ చివర అంటారు. బ్రేకు భాగాలన్నీ దాన్ని బట్టే అటో ఇటో ఉంటాయి. చట్రం తిరగబడి కట్టడం అందరూ చేసే పొరపాటే, నేను రెండుసార్లు చేశాను. చట్రం అడుగున పెన్సిల్‌తో ‘బి’ అని ముందే రాసుకోండి.

చేతిపట్టు కడ్డీలు గోడతో కలిపి పోత పోసి ఉంటే ఉలి బ్లేడుతో గీకేసి, సన్న రంధ్రాలు పెట్టి తీగతో వేయండి. అసలు కడ్డీ మందం ముప్పావు అంగుళం అనుకుంటే మన స్కేలులో 0.22 మిల్లీమీటర్లు. బజారులో దొరికే 0.3 తీగ అసలులో 26 మిల్లీమీటర్ల కడ్డీతో సమానం. కొంచెం లావు, అయినా చేయి తగిలితే వంగకుండా ఉంటుంది. రోజూ నడిపే వాగన్‌కు 0.3, అద్దాల పెట్టెలో ఉండేదానికి 0.2. రెండింటినీ ఒకే వాగన్ మీద కలపకండి.

పెట్టె మూసేముందు బరువు వేయాలి. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సూచన ప్రకారం ఒక ఔన్సుకు తోడు, వాగన్ పొడవు ప్రతి అంగుళానికీ అర ఔన్సు. మన వాగన్‌కు దాదాపు 110 గ్రాములు. చేపల వలకు కట్టే సీసపు గుండ్లు చవక. వాటిని ట్రక్కుల పైన, రెండు చివరలా సమంగా అతికించి చేతులు కడుక్కోండి.

రంగు, రాత

బాక్స్‌కార్ ఎరుపు అనేది ఒక రంగు పేరు కాదు, ఐరన్ ఆక్సైడ్ నుంచి వచ్చే కుటుంబం పేరు. ఒక్కో రైల్వేది ఒక్కో ఛాయ. ఎండకు అది ఇంకా మారుతుంది. పాత రంగుల ఫోటోలు కాలంతో వన్నె మారతాయి, నలుపు తెలుపు ఫోటోల్లో కొన్ని రకాల ఫిల్ము ఎరుపును దాదాపు నలుపుగా చూపిస్తుంది. కాబట్టి ఫోటో నుంచి ఛాయ పట్టకండి, ఒకే ఫోటోలో పక్కపక్కన ఉన్న రెండు వాగన్ల తేడా పట్టండి. ఇంకో సంగతి: నమూనాను రెండడుగుల దూరం నుంచి చూడటం అసలు వాగన్‌ను 50 మీటర్ల అవతల నుంచి చూడటంతో సమానం. డబ్బాలోని రంగు ఆ దూరానికి మరీ ముదురు. పదింట ఒక వంతు లేత బూడిద కలిపితే కళ్లకు నిజంలా ఉంటుంది.

వానాకాలంలో స్ప్రే చేయకండి. గాలిలో తేమ ఉంటే లక్కర్ వార్నిష్ పాలలా తెల్లబారుతుంది. జూలైలో ఒక వాగన్ అలా పోగొట్టుకుని, అప్పటి నుంచి ఆ మూడు నెలలూ వెతుకులాటకు కేటాయించాను.

రంగు ఆరాక మెరుపు వార్నిష్ పొర, దాని మీద డెకాల్స్. 1948 పెన్సిల్వేనియా వాగన్‌కు వృత్తంలో కీస్టోన్ ఉన్న ముద్ర సరైనది. పలకల సందుల్లోకి డెకాల్ కూర్చోవడానికి మెత్తబరిచే ద్రవం రాసి, ముట్టుకోకుండా ఒక పూట వదిలేయండి. బుడగ కనిపిస్తే సూదితో గుచ్చి మళ్లీ రాయండి. కమ్ముల మీదుగా వచ్చే అక్షరాలను కమ్మి అంచు వెంట కొత్త బ్లేడుతో కోస్తే వంగి అతుక్కుంటాయి.

మసి, మట్టి, సుద్ద

ఇక్కడ వరుస ముఖ్యం, అసలు వాగన్ మీద ఏది ముందు జరిగిందో అదే ముందు. మొదట ఎండ: లేత రంగు పలుచని పొర గోడలన్నిటి మీదా, అక్షరాల మీద కూడా. చెక్క వాగన్ కాబట్టి అక్కడక్కడా ఒక్కో పలకకు ఒక్కో చిన్న తేడా ఇవ్వండి. పది పలకల్లో రెండు చాలు, అన్నీ వేరైతే గళ్ల లుంగీలా కనిపిస్తుంది. తరువాత తూకం అంకెల కింద తాజా రంగు చతురస్రం. గోడ వెలిసిపోయాక వేసిన అతుకు కనుక అది ముదురుగా, శుభ్రంగా ఉండాలి. వాగన్‌కు వయసు తెచ్చే చిట్కాల్లో నాకు ఇదే అన్నిటికంటే ఇష్టం.

ఆ పైన పలుచని నల్ల గోధుమ ఆయిల్ రంగు సందుల్లోకి పోనిచ్చి, పొడి కుంచెతో కిందికి తుడవండి. కప్పు మీద ఆవిరి ఇంజిన్ల మసి, పై నుంచి పొడి పొడిగా. నడిచే బాట మధ్యలో రంగు అరిగి బూడిద చెక్క బయటపడుతుంది. వాగన్ చివరి గోడల మీద, పట్టాలకు సరిగ్గా ఎదురుగా, రెండు నిలువు మట్టి చారలు ఉంటాయి. పక్క వాగన్ చక్రాలు వానలో చిమ్మిన బురద అది. చక్రాల ముఖాలకు తుప్పు రంగు వేయడం కొత్తవారి అలవాటు. ఈ కాలపు ఇరుసు పెట్టెల్లో నూనె గుడ్డలు కుక్కేవారు, నూనె కారి చక్రాలకు ధూళి పట్టి నల్లగా జిడ్డుగా ఉండేవి. తుప్పు చక్రాలు రోలర్ బేరింగుల కాలానివి.

అక్టోబరు అన్నాం కదా. ధాన్యం కదిలే రోజులు. అప్పట్లో గోధుమలు బాక్స్‌కార్లలోనే వెళ్లేవి. తలుపు సందుకు లోపలి నుంచి చెక్క అడ్డుపలకలు మేకులతో కొట్టి, వాటి వెనక గింజలు పోసేవారు. తలుపు కొద్దిగా తెరిచి ఉంచదలిస్తే లోపల అలాంటి పలక ఒకటి పెట్టండి. తలుపు కింద చట్రం మీద లేత గోధుమ దుమ్ము కొంచెం చల్లండి. చివరగా యార్డు మనుషులు సుద్దతో గీసే గీతలు, అంకెలు. బాగా చెక్కిన తెల్ల పెన్సిల్‌తో, చేయి ఎత్తితే అందే ఎత్తు వరకే. అంతకు పైన గీస్తే గుర్రం మీద నుంచి రాసినట్టు ఉంటుంది.

కార్డు

ప్రతి వాగన్‌కూ ఒక అట్ట కార్డు రాసి పెట్టెలో పెడతాను. నంబరు, నెల, ఏ ఫోటోలో ఏం చూశాను, రిజిస్టరు ఏ సంచిక, ఏ రంగు ఎంత కలిపాను. ఎర్ర సిరాతో ఊహించినవి. నా ఎక్స్26 కార్డు మీద ఎర్ర సిరాలో మూడు వరుసలున్నాయి: ఎడమ పక్క తలుపు, కప్పు మీది అతుకులు, గాలి గొట్టం వంపు. ఫోటోలన్నీ కుడి పక్క నుంచే దొరికాయి. ఎడమ పక్క కనిపించే ఫోటో ఒకటి దొరికేదాకా ఆ వాగన్ నా పట్టాల మీద కుడి పక్క చూపిస్తూనే తిరుగుతుంది.